అమ్మకు అందిన పాట

పెళ్లికొడుకు జీతం అడిగినట్టు, స్టీరియో రిసీవరు కొనబోతే అందరూ ముందడిగేది వాట్లెన్ని అనే! వాట్లు రెట్టింపైతే మోత రెట్టింపవుతుందనుకుంటారు. కాదండీ, పెరిగేది 3 డెసిబెల్సే. చెవికి రెట్టింపుగా తోచాలంటే దాదాపు పది రెట్లు కావాలి. హాల్లో కూర్చుని మామూలుగా పాట వినడానికి ఒకటి రెండు వాట్లు ఖర్చయితే గొప్ప.

మా చిక్కు వేరు. మా అమ్మకి ఎడమ చెవి వినిపించదు. స్టీరియోలో వీణ కుడి పక్కా, తాళం ఎడమ పక్కా పలికితే, ఆ తాళం ఆవిడకి మసకగానే అందుతుంది. అందుకని కొట్టులో నేనడిగింది మోనో స్విచ్చి, ట్రెబుల్ నాబు ఉన్నాయా అని. మోనో నొక్కితే రెండు పక్కల పాటా కలిసి రెండు స్పీకర్లలోనూ వస్తుంది. వయసుతో ముందు జారిపోయేవి సన్నని ధ్వనులు. ట్రెబుల్ కాస్త పెంచితే పాటలో మాట తెలుస్తుంది.

ఖరీదైనదాన్లో ఆ స్విచ్చి లేదు. ఎవరో వాడి అమ్మినదాన్లో ఉంది. అదే తెచ్చి, మిగిలిన డబ్బు స్పీకర్లకి పెట్టాను.

నిన్న రాత్రి ఘంటసాల పాట వస్తోంది. అమ్మ, "కాస్త తగ్గించరా, పక్కింట్లో పిల్లలు పడుకుంటారు" అంది.

అమ్మ తగ్గించమని ఎన్నేళ్లయిందో!