పాండు డబ్బా లెక్క

తెనాలి రామలింగడి పిల్లి కథ మీరందరూ వినే వుంటారు. కాగిన పాలు మూతికి తగిలి, ఆ తరవాత పాలు చూస్తేనే పారిపోయిన పిల్లి అది. మాది తెనాలే. చిన్నప్పటినుంచీ ఆ కథ విన్నవాణ్ణి గనక, పిల్లికి పాలూ అన్నమూ దొరికితే ఇంకేమీ అక్కర్లేదని నేను అనుకునేవాణ్ణి. అది పొరపాటని నాకు తెలియజెప్పిన పిల్లి పేరు పాండు.

పాండు మా అమ్మాయి ఇంటి పిల్లి. వాళ్ళు అమెరికాలో, న్యూజెర్సీ రాష్ట్రంలో వుంటారు. నేను ముప్ఫై ఏళ్ళు లెక్కల మాస్టరుగా పనిచేసి, రిటైరయినాక ఆరు నెలలు వుండివద్దామని అక్కడికి వెళ్ళాను. పగలంతా ఇంట్లో నేనూ, పాండూ. మా మనమరాలు చిన్నారి బడికి వెళుతూ, "తాతయ్యా, పాండు గిన్నె చూస్తూ వుండు," అని చెప్పి పోయేది. గిన్నెలో వేసేవి ఎండు గుళికలు. గిన్నె ఖాళీ అయితే నాకు ప్రాణం వొప్పేది కాదు. పైగా నా పెరుగన్నంలోనుంచి రోజూ ఒక ముద్ద పెట్టేవాణ్ణి. పాండు పూర్ణం బూరెలాగా వుండేవాడు. బరువు ఏడు కిలోలు!

నేను వెళ్ళిన నెలకు పాండు మారిపోయాడు. పెట్టినంతా తింటున్నాడు, అయినా చిక్కిపోతున్నాడు. గిన్నెడు నీళ్ళు ఒక్క పూటలో తాగేస్తున్నాడు. కుర్చీమీదికి ఎగరలేకపోతున్నాడు. పిల్లి మునివేళ్ళమీద నడుస్తుంది గదా, పాండు వెనక కాళ్ళ మడమలు నేలకు ఆన్చి నడుస్తున్నాడు. పశువుల ఆస్పత్రికి తీసుకుపోతే డాక్టరమ్మ రక్తం పరీక్ష చేసి, "మధుమేహం," అన్నది. నూరు మిల్లీలీటర్ల రక్తంలో 412 మిల్లీగ్రాముల చక్కెర వున్నది.

పిల్లికి చక్కెర జబ్బేమిటని మీరు నవ్వకండి. మనలాగే పిల్లికీ కడుపులో క్లోమం అనే గ్రంథి వుంటుంది. అందులోనుంచి ఇన్సులిన్ అనే రసం పుడుతుంది. రక్తంలోని చక్కెర కండల్లోకి వెళ్ళాలంటే ఆ రసం తలుపు తియ్యాలి. తలుపు తెరుచుకోకపోతే చక్కెర రక్తంలోనే వుండిపోతుంది, ప్రాణి తింటూ కూడా ఆకలితో చిక్కిపోతుంది. 1921లో కెనడాలోని టొరంటో నగరంలో బాంటింగ్, బెస్ట్ అనే ఇద్దరు ఇన్సులిన్‌ను వేరుచేశారు. 1922 జనవరిలో లెనార్డ్ థాంప్సన్ అనే కుర్రవాడికి మొదటిసారి ఎక్కించారు. ఆ మందే ఇవాళ పిల్లులను కూడా బతికిస్తున్నది.

పాండుకు పన్నెండు గంటలకొకసారి, రోజుకు రెండు సూదులు వెయ్యమని డాక్టరమ్మ చెప్పింది. "ఎండు గుళికలు మాన్పించి, పిండి పదార్థం తక్కువగా వుండే డబ్బా ఆహారం పెట్టాలి. మార్చబోయే ముందు మాత్రం నాకు చెప్పండి," అని కూడా అన్నది. మొదటి మాట నా చెవిలో పడింది. రెండవది పడీ పడనట్టు జారిపోయింది.

పిండి పదార్థం ఎందుకు తగ్గించాలి? పిల్లి పుట్టుకతోనే మాంసాహారి. దాని సహజమైన తిండి ఎలుక. ఎలుకలో మాంసకృత్తులూ, కొవ్వూ, నీరూ ఎక్కువ. పిండి బహు కొద్ది. ఒక్కసారిగా వచ్చిపడే చక్కెరను సర్దుకునే శక్తి పిల్లి కాలేయానికి మనకున్నంత లేదు. ఇంకో వింత వినండి: పిల్లికి తీపి రుచే తెలియదు! తీపిని గుర్తించే జన్యువు పిల్లిలో చెడిపోయి వున్నదని 2005లో ఫిలడెల్ఫియా శాస్త్రజ్ఞులు కనిపెట్టారు. మరి ఎండు గుళికల్లో పిండి ఎందుకు? గుళిక విరిగిపోకుండా నిలబడటానికి పిండి కావాలి.

చిన్నారీ, నేనూ అంగడికి వెళ్ళాం. గోడ పొడుగునా డబ్బాలే! ఒకదానిమీద చేప బొమ్మ, ఒకదానిమీద కోడి బొమ్మ. "ధాన్యం లేదు" అని పెద్ద అక్షరాలతో రాసిన డబ్బా తిప్పి చూస్తే వెనక సన్న అక్షరాల్లో బంగాళాదుంప, బఠాణీలు వున్నాయి. ధాన్యం లేకపోతేనేం, అవీ పిండే గదా!

చీటీమీద మాంసకృత్తులు, కొవ్వు, పీచు, నీరు ఎంతెంతో రాసి వున్నాయి. పిండి ఎంతో రాసి లేదు. "ఎలాగ, తాతయ్యా?" అన్నది చిన్నారి. "తీసివేత వచ్చుగా నీకు!" అన్నాను.

మీరూ చెయ్యండి. మొదటి డబ్బాలో నూటికి మాంసకృత్తులు 11, కొవ్వు 6, పీచు 1, నీరు 78. బూడిద, అంటే ఖనిజ లవణాలు, సుమారు 2 అనుకుందాం. మొత్తం 98. నూరులోనుంచి తీసివేస్తే పిండి 2. చిక్కని పులుసు పోసిన రెండవ డబ్బాలో 9, 3, 1, 78, 2. మొత్తం 93. పిండి 7.

"రెండుకూ ఏడుకూ పెద్ద తేడా ఏముంది?" అన్నది చిన్నారి. తేడా నీళ్ళు దాచిపెడుతున్నాయి. నీరు శక్తి నివ్వదు గనక శక్తి లెక్క చూడాలి. ఒక గ్రాము మాంసకృత్తులకు మూడున్నర కాలరీలు, పిండికి మూడున్నర, కొవ్వుకు ఎనిమిదిన్నర చొప్పున హెచ్చవేశాం. మొదటి డబ్బాలో పిండినుంచి వచ్చే శక్తి నూటికి 7 పాళ్ళు, రెండవదానిలో 30! ఇలాంటి పిల్లికి నూటికి పది పన్నెండు పాళ్ళు మించరాదని డాక్టరమ్మ చెప్పి వున్నది. చీటీలో అంకెలు "ఇంతకు తగ్గకుండా", "ఇంతకు మించకుండా" అని వుంటాయి గనక ఇది ఉజ్జాయింపు లెక్కే. అయినా దారి చూపించింది. మొదటి డబ్బాలు పన్నెండు కొన్నాం. ముప్ఫై ఏళ్ళు చెప్పిన లెక్కలు ఇన్నాళ్ళకు ఒక ప్రాణికి పనికివచ్చాయని నాకు మహా గర్వం కలిగింది.

ఆ పూటే గుళికలు తీసేసి డబ్బా పెట్టాను. డాక్టరమ్మకు చెప్పలేదు. తిండి మార్చటానికి డాక్టరుతో పనేమిటనుకున్నాను. సూదిమందు మాత్రం మామూలుగా పడుతూనే వున్నది.

మూడవ రోజు సాయంకాలం చిన్నారి కేక పెట్టింది: "తాతయ్యా, పాండు తూలిపోతున్నాడు!" వాడు బల్లకింద వణుకుతున్నాడు. కళ్ళు ఎటో చూస్తున్నాయి. మా అమ్మాయి వాడి చెవి అంచున సూది గుచ్చి, ఒక్క చుక్క రక్తం యంత్రంలో పెట్టింది. 41! డాక్టరమ్మకు ఫోను చేస్తే, వెంటనే వేలితో చిగుళ్ళకు తేనె రాసి తీసుకురమ్మన్నది. దారి పొడుగునా పాండు చిన్నారి వొళ్ళోనే వున్నాడు. ఆ పిల్ల ఏడవలేదు, మాట్లాడలేదు. నావంక చూడలేదు కూడా.

ఆ రాత్రి ఆస్పత్రిలో నరంగుండా గ్లూకోజు ఎక్కించారు. డాక్టరమ్మ నన్ను కోప్పడలేదు. "మీరు ఎన్నిన డబ్బా మంచిదే, మాస్టారూ. కాని సూదిమందు మోతాదు గుళికల తిండికి సరిపోయేట్టు కట్టినది. తిండిలో పిండి తగ్గితే చక్కెర తగ్గుతుంది. మందు తగ్గించకపోతే చక్కెర ఇంకా కిందికి పడిపోయి ప్రాణంమీదికి వస్తుంది," అన్నది.

తెల్లవారి పాండు లేచి డబ్బా తిన్నాడు. అప్పుడు చిన్నారి, "తాతయ్యా, నీ లెక్క తప్పిందా?" అని అడిగింది.

"తీసివేత తప్పలేదమ్మా. లెక్కలో ఇన్సులిన్‌ను వెయ్యటం మరిచాను," అన్నాను.

ఆ తరవాత డాక్టరమ్మ మోతాదు తగ్గించింది. మేము రోజూ చక్కెర చూసి చిన్నారి నోటుబుక్కులో రాశాం. పెరుగన్నం ముద్ద మానేశాను. పాండు నాలుగు రోజులు నా కంచం దగ్గర కూచుని అలిగాడు. నాలుగవ నెలకు వాడికి సూది అవసరమే లేకపోయింది. అన్ని పిల్లులకూ ఇలా జరగదు. జరిగినా జబ్బు మళ్ళీ తిరగబెట్టవచ్చు. అందుచేత పరీక్ష మానకూడదు.

నేను తెనాలి తిరిగి వచ్చేశాను. ఆదివారం ఆదివారం చిన్నారి ఫోను చేసి, ముందు పాండు చక్కెర అంకె చెబుతుంది, తరవాతనే నా క్షేమం అడుగుతుంది. కిందటి వారం అంకె 96. పాండు కుర్చీమీదికి ఎగురుతున్నాడట, మళ్ళీ మునివేళ్ళమీద నడుస్తున్నాడట!