పాత బాడీ, కొత్త చాసిస్

పోయిన వారం మా పాత టాటా 207 ఫొటో పెట్టిన దగ్గర్నుంచి ఒకటే అడుగుతున్నారు: "దాని క్యాబిన్ ఊడదీసి కొత్త బండి చాసిస్ మీద పెట్టించుకోవచ్చు కదా?" అని. మా తమ్ముడిదీ అదే మాట. రెండు నెలల నుంచి మా ఇంట్లో నడుస్తున్న పంచాయితీ ఇదే. కాబట్టి తెలుసుకున్నదంతా ఒకచోట రాస్తున్నా. పొడుగ్గా ఉంటుంది, తీరుబడిగా చదవండి.

ముందు ఒక్క మాట. ఇదేదో అమెరికా వాళ్ళ సరదా అనుకోకండి. అక్కడ 1950 ప్రాంతాల షెవర్లే పికప్ బాడీ తీసి, అదే కంపెనీ ఎస్-10 అనే చిన్న పికప్ చాసిస్ మీద పెట్టుకునే వాళ్ళు చాలామంది ఉన్నారు, నిజమే. కానీ మన దగ్గర మన తాతలే ఈ పని చేశారు. టైరు బండి గుర్తుందా? ఇనప పట్టా వేసిన చెక్క చక్రాల బండి తొట్టిని తీసి, లారీదో జీపుదో పాత ఇరుసు, గాలి టైర్ల మీద కూర్చోబెట్టారు. పైన తొట్టి, నొగలు, కాడి అన్నీ ఊళ్ళో వడ్రంగి చేసినవే. అవే ఎడ్లు ఎక్కువ బస్తాలు లాగాయి, రోడ్డు కూడా గాడులు పడటం తగ్గింది. పాత బాడీ, కొత్త చాసిస్ అంటే అదే కదండీ. ఒకటే తేడా, ఎద్దుల బండికి ఆర్సీ లేదు.

ఇంకో సంగతి. కంపెనీలు చేసేది కూడా ఇదే. టాటా వాళ్ళు 1988లో టాటామొబైల్ పికప్ తెచ్చారు. 1991లో సియెర్రా, 1994లో సుమో వచ్చాయి. మూడింటి బాడీలు వేరు, కింద ఉన్నది మాత్రం ఒకే కుటుంబం చాసిస్. మా తమ్ముడు దీన్ని పట్టుకుని "చూశావా అన్నయ్యా, వాళ్ళు చేస్తే లేదా, మనం చేస్తే తప్పా?" అంటాడు. నిచ్చెన చాసిస్ అయితే వాడి మాటలో కొంత న్యాయం ఉంది. రెండు పొడుగు ఇనప దూలాలు, మధ్యలో అడ్డ కమ్మీలు, పైన రబ్బరు బుష్షుల మీద బోల్టులతో బిగించిన బాడీ. బోల్టులు ఊడదీస్తే బాడీ పైకి లేస్తుంది. కార్లలో ఎక్కువ భాగం అలా కాదు. మారుతి కారుకి విడిగా చాసిస్ అంటూ ఉండదు, ఆ రేకుల పెట్టే దాని చాసిస్. పైన కోసేస్తే కింద ఏమీ మిగలదు. అందుకని ఎవరైనా పాత కారు తీసుకుని దాని మీద పికప్ తొట్టి పెడతానంటే ఒక దణ్ణం పెట్టి వచ్చేయండి.

మా బండి సంగతికొస్తా. 2001 మోడల్. ఇంజను ఇప్పటికీ ఒక్క సెల్ఫ్ కి లేస్తుంది. పోయింది చాసిసే. వెనక పట్టీలు వేలాడే హ్యాంగర్ దగ్గర దూలం పొర్లు పొర్లుగా లేచిపోయింది. ధాన్యం బస్తాలు మోసినన్నాళ్ళు దానికేం కాలేదు. తర్వాత నాగాయలంక, కోడూరు వైపు రొయ్యల తోలకాలకి పెట్టాం. ఐసు కరిగిన నీళ్ళు, చెరువు ఉప్పు నీళ్ళు, రెండూ కలిసి తొట్టి సందుల్లోంచి సరిగ్గా అక్కడే కారతాయి. దివిసీమలో పికప్పులు నడిపే ఎవర్నైనా అడగండి, బాడీ కంటే ముందు అదే చోటు చూపిస్తారు. తడి గడ్డి తోలినా అంతే, అడుగున బురద పట్టుకుని ఆరదు. పాత రకం సి ఆకారం దూలమైతే తుప్పు కంటికి కనపడుతుంది. నాలుగు వైపులా మూసేసిన పెట్టె దూలమైతే లోపల తింటూ పోతుంది, సుత్తితో కొడితే గాని తెలీదు.

తమ్ముడు చూసింది గుడివాడ దగ్గర ఒక షెడ్డులో పడి ఉన్న బొలేరో పికప్. ముందు క్యాబిన్ నుజ్జయింది, చాసిస్ బాగుందన్నారు. "నాలుగు బోల్టులేగా అన్నయ్యా" అన్నాడు. వెళ్ళి టేపు పెట్టి కొలిచాం. ముందు చక్రం మధ్య నుంచి వెనక చక్రం మధ్యకి కొలత కలవలేదు. క్యాబిన్ పెడితే మడ్‌గార్డు గుంట చక్రానికి ఎదురుగా రాదు. క్యాబిన్ బుష్షుల చోట్లు వేరు, స్టీరింగ్ రాడ్డు వచ్చే కోణం వేరు, రేడియేటర్ ఎత్తు వేరు. జీపు పిచ్చి ఉన్న వాళ్ళకి ఇది బాగా తెలుసు. పాత సీజే-3బి జీపు చక్రాల మధ్య దూరం 80 అంగుళాలు, అంటే 2032 మిల్లీమీటర్లు. బొలేరోది 2680. తేడా రెండు అడుగుల పైనే. జీపు బాడీ బొలేరో మీద కూర్చోవాలంటే దూలం మధ్యలో కోసి కుదించాలి, ప్రొపెల్లర్ షాఫ్ట్ కూడా కోయాలి. హర్యానాలో మండీ డబ్వాలీ అనే ఊరు ఇలాంటి జీపులకే పేరుమోసింది. చేతి పనిలో వాళ్ళని తప్పు పట్టలేం. కానీ కోసి అతికిన చోట బరువు పడితే, అందులోనూ మన బుడమేరు పక్క గతుకుల్లో, ఆ అతుకు ఎన్నాళ్ళుంటుందో ఎవరూ రాసివ్వరు.

2020 ఏప్రిల్ తర్వాత వచ్చిన బీఎస్-6 బండైతే ఇంకో చిక్కు. ఇంజను కంప్యూటరు, మీటరు బోర్డు, తాళం చెవిలో చిప్పు, సైలెన్సర్ లో సెన్సర్లు అన్నీ ఒకదాంతో ఒకటి మాట్లాడుకుంటాయి. పాత క్యాబిన్ లో అవేమీ ఉండవు. వైరింగ్ మొత్తం పీకి దీంట్లో కుక్కాలి. ఒక్క పిన్ను తేడా వచ్చినా బండి లేవదు, లేచినా నత్తలా నడుస్తుంది.

ఇవన్నీ డబ్బు పెడితే తీరేవే అనుకుందాం. తీరనిది కాగితం.

మోటారు వాహనాల చట్టంలో 52వ సెక్షన్ ఉంది. కంపెనీ తయారుచేసినప్పుడు ఇచ్చిన వివరాలకీ ఆర్సీలో ఉన్నదానికీ తేడా వచ్చేట్టు బండిని మార్చకూడదు అంటుంది. 2019 జనవరిలో కేరళ నుంచి వచ్చిన ఒక కేసులో సుప్రీంకోర్టు కూడా ఇదే తేల్చి చెప్పింది. అదే సంవత్సరం చట్టం సవరించి, అనుమతి లేని మార్పు ఒక్కోదానికి 5,000 రూపాయల జరిమానా, లేదా ఆరు నెలల వరకు జైలు, లేదా రెండూ అన్నారు. మరి లారీలకి ఆటోనగర్ లో బాడీలు కడుతున్నారు కదా అంటారు. అది వేరండి. అక్కడ కంపెనీ ఉత్త చాసిస్ అమ్ముతుంది, బాడీ కట్టాకే రిజిస్ట్రేషన్. మనది ఒకసారి రిజిస్టరైన బండి.

అసలు చట్టం దృష్టిలో బండి అంటే చాసిస్ నంబరు. మా 207 క్యాబిన్ ఆ బొలేరో మీద పెడితే అది 207 కాదు, మొహం మార్చుకున్న బొలేరో. 207 ఆర్సీ పెట్టుకుని దాన్ని నడిపితే దొంగ బండి కింద లెక్క. ఆ షెడ్డులోనే ఒకాయన గొంతు తగ్గించి "నంబరు కోసి ఇటు అతికిద్దాం, ఎవరు చూస్తారు" అన్నాడు. అది నేరం. ఆ మాట రాగానే లేచి వచ్చేశాం.

తమ్ముడికి నేను చెప్పింది ఒకటే. తెల్లవారుజామున మూడింటికి పట్టుబడికి వెళ్ళేటప్పుడు ఆ బండి ముందు ఎవరో ఒకరు మోపెడ్ మీద వెళ్తూ ఉంటారు. ఏదైనా జరిగితే ఇన్సూరెన్స్ వాళ్ళు మొదట చూసేది చాసిస్ నంబరు. తేడా ఉంటే వాళ్ళు చేతులెత్తేయడానికి దారి దొరికినట్టే. అప్పుడు పరిహారం మన రెండెకరాల మీదకి వస్తుంది. ఆ పోయినాయన ఇంటికీ డబ్బు టైముకి అందదు. వాడు రెండ్రోజులు మాట్లాడలేదు. మూడో రోజు వచ్చి "సరే, మరి నాన్న బండిని తూకానికి వేసేద్దామా?" అన్నాడు. వాడి బాధంతా అదన్నమాట.

వేయం. బందరులో చాసిస్ పని తెలిసిన మేస్త్రీకి చూపించాం. ఆయన సుత్తితో దూలం పొడుగునా కొట్టుకుంటూ వెళ్ళి, "రెండు చోట్లేనండి పోయింది, మిగతాది గట్టిగానే ఉంది" అన్నాడు. దాని చాసిస్ నే బాగుచేయిస్తే నంబరు మారదు, కొలతలు మారవు. కుళ్ళిన ముక్క తీసి, లోపల వైపు నుంచి మందపాటి ప్లేటు వేయాలి. ఆ ప్లేటు చివర్లు నిలువుగా కోయకూడదు, ఏటవాలుగా కోయాలి. నిలువుగా కోస్తే బరువంతా ఒకే గీత మీద పడి మళ్ళీ అక్కడే చిట్లుతుంది. దూలం పై అంచుకి, కింద అంచుకి కన్నాలు పెట్టకూడదు, పెడితే నిలువు గోడకే పెట్టాలి. వెల్డింగ్ కి ముందు బ్యాటరీ తీగలు తీసేయాలి. మీరు ఎవరి దగ్గర చేయించినా ఈ నాలుగూ దగ్గరుండి చూసుకోండి.

తొట్టి అడుగుకి కొత్త రేకు వేయించి, నీళ్ళు సందుల్లోంచి కారకుండా వెనక మూలన ఒక గొట్టం పెట్టిస్తున్నాం, చాసిస్ కి దూరంగా పడేట్టు. ఇక రొయ్యల తోలకానికి పంపం, ధాన్యానికీ గడ్డికే. ఏటా ఫిట్‌నెస్ ఎలాగూ తప్పదు, అందులో నిలబడినన్నాళ్ళు ఉంటుంది. దాళ్వా కోతల లోపు బండి ఇవ్వాలని మేస్త్రీకి చెప్పాం. సగం డబ్బు తమ్ముడే ఇచ్చాడు.