ఎవరిని కొట్టి గెలిచింది?

11 సెప్టెంబర్ 2025
లివర్‌పూల్ ప్రపంచ బాక్సింగ్ పోటీల్లో నిఖత్ జరీన్ క్వార్టర్స్‌లో ఓడింది. తుర్కియే బాక్సర్ బుసె నాజ్ చాకిరోగ్లు 5-0తో గెలిచింది. ఇబ్రహీంపట్నం బస్టాండు దగ్గరి చాయ్ హోటల్లో పొద్దున్నే పంచాయితీ షురూ అయింది. రిటైరైన పీఈటీ సారు మేరీ కోమ్ మనిషి. “పెద్దోళ్లు ఎదురైతే తెలుస్తది అసలు సంగతి” అన్నాడు. బోధన్ నుంచి వచ్చి షేరిగూడలో ఇంజినీరింగ్ చదివే పిల్లగాడు ఊరుకుంటాడా? “సార్, 2022ల ఆమెనే మా నిఖత్ అక్క కొట్టింది. యాదికి లేదా?”

12 సెప్టెంబర్
పిల్లగాడు చెప్పింది నిజమే. 2022 ఫిబ్రవరిలో బల్గేరియాలో, స్ట్రాండ్జా టోర్నీ సెమీస్‌లో నిఖత్ 4-1తో గెలిచింది. చాకిరోగ్లు అప్పటికే టోక్యో ఒలింపిక్స్ రజత విజేత. ఆ మే నెలలోనే ఇస్తాంబుల్‌లో ఇద్దరూ ప్రపంచ చాంపియన్లయ్యారు: నిఖత్ 52 కిలోల్లో, ఆమె 50 కిలోల్లో. ఓడినామె తర్వాత ఎదిగితే పాత గెలుపు ధర కూడా పెరుగుతుందన్నమాట. సారు ఈ లెక్క ఒప్పుకోడు. ఆ రోజు ఎట్లున్నదో అదే చూడాలంటాడు.

14 సెప్టెంబర్
ఆదివారం, జనం ఎక్కువ. ఈసారి పిల్లగాడు మేరీ జాబితా మీద పడ్డాడు. ఆరు ప్రపంచ స్వర్ణాలు: 2002, 2005, 2006, 2008, 2010, 2018. అన్నీ 45 నుంచి 48 కిలోల లోపే. 2006, 2008, 2010 మూడు ఫైనల్స్‌లోనూ ఎదురుగా ఉన్నది ఒక్కరే, రుమేనియాకు చెందిన స్టెలుటా డుటా. “ఒక్కామెనే మూడుసార్లు కొడితే మూడు గెలుపులెట్లయితయి సార్?”
సారు గ్లాసు పక్కన పెట్టాడు. “ఆమె మూడుసార్లు ఫైనల్ దాకా ఊకెనే వచ్చిందారా? మిగిలినోళ్లందరినీ కొట్టే వచ్చింది గద.”
ఈ రౌండు సారుదే. డుటా ఎవరెవరిని దాటుకుని వచ్చిందో ఆ హోటల్లో ఒక్కరికీ పట్టలేదు, నాతో సహా.

17 సెప్టెంబర్
రాత్రి కూర్చుని ఇద్దరి ప్రత్యర్థులనూ పక్కపక్కన రాసుకున్నాను. చిత్రం బయటపడింది. 2019లో రష్యాలోని ఉలాన్-ఉదేలో మేరీ 51 కిలోల్లో ఆడినవి మూడు బౌట్లు. థాయ్‌లాండ్ జుటామస్ జిట్‌పాంగ్ మీద గెలిచింది, రియో కాంస్య విజేత, కొలంబియాకు చెందిన ఇంగ్రిట్ వాలెన్సియా మీద గెలిచింది, సెమీస్‌లో చాకిరోగ్లు చేతిలో ఓడింది. ఆ ముగ్గురూ తర్వాత నిఖత్‌కూ ఎదురయ్యారు. చాకిరోగ్లును స్ట్రాండ్జాలో, జిట్‌పాంగ్‌ను 2022 ప్రపంచ ఫైనల్లో, వాలెన్సియాను 2023 ఢిల్లీ సెమీస్‌లో ముగ్గురినీ నిఖత్ ఓడించింది. అదే వాలెన్సియా చేతిలో మేరీ టోక్యోలో ఓడిపోయింది.
పిల్లగాడికి ఈ కాగితం ఇస్తే హోటల్లో డప్పు కొడతాడు. ఇవ్వబుద్ధి కాలేదు. ఎందుకంటే ఆ బౌట్లప్పుడు మేరీకి 36 దాటాయి, నిఖత్‌కు పాతికేళ్లు. కొలిచే కర్ర ఒకటే, కొలిచిన కాలాలు వేరు.

18 సెప్టెంబర్
కాగితం సారుకే ఇచ్చాను. చదివి జేబులో పెట్టుకున్నాడు. పిల్లగాడికి చూపించలేదు!

21 సెప్టెంబర్
వయసు మాట వస్తే ఇంకొకటి. 1951లో 28 ఏళ్ల రాకీ మార్సియానో 37 ఏళ్ల జో లూయీని నాకౌట్ చేశాడు. పన్ను బాకీలతో మళ్లీ రింగెక్కిన పాత చాంపియన్‌ను కొట్టడం ఏం గొప్పని నేటికీ అడిగేవాళ్లున్నారు. 2019 డిసెంబర్ 28న ఢిల్లీ ట్రయల్స్‌లో అదే జోడీ తిరగబడింది. 37 ఏళ్ల మేరీ, 23 ఏళ్ల నిఖత్. 9-1తో పెద్దామే గెలిచింది. తర్వాత చెయ్యి కలపలేదు. ఆ చెయ్యి గురించే అందరూ మాట్లాడారు గానీ, నా లెక్కలో మేరీ జాబితాలో బరువైన గెలుపుల్లో అదొకటి. అప్పుడు నిఖత్ పేరుకు సీనియర్ ప్రపంచ టైటిల్ లేదు కాబట్టి ఎవరూ దాన్ని లెక్కలో వేయరు.

6 అక్టోబర్
బతుకమ్మ, దసరా అయిపోయాయి. హాస్టల్ పిల్లలు ఇంకా పూర్తిగా తిరిగి రాలేదు.

9 అక్టోబర్
సారు కొత్త బాణం తీశాడు. 2023 ఢిల్లీ ప్రపంచ పోటీలకు అమెరికా, బ్రిటన్ లాంటి దేశాలు రాలేదు. రష్యా, బెలారస్‌లను జెండాలతో ఆడనిచ్చారని అలిగాయి. “రానోళ్లను కొట్టిందా మీ అక్క?” రానివాళ్లను ఎట్లా కొడతారు? ఇది అన్యాయమైన ప్రశ్న. పైగా 50 కిలోల్లో నిఖత్ దాటుకుని వచ్చిన వాలెన్సియా ఒలింపిక్ పతక విజేత.
పారిస్ ఒలింపిక్స్ సంగతీ అట్లాంటిదే. సీడింగ్ లేని నిఖత్‌కు రెండో బౌట్‌లోనే టాప్ సీడ్ వూ యు తగిలింది, 0-5. ఆ చైనా అమ్మాయే ఫైనల్లో చాకిరోగ్లును ఓడించి స్వర్ణం పట్టుకుపోయింది. 2012 లండన్‌లో మేరీని ఓడించిన నికోలా ఆడమ్స్ కూడా స్వర్ణమే గెలిచింది. తేడా ఏమిటంటే మేరీకి ఆమె సెమీస్‌లో తగిలింది, కాంస్యం మిగిలింది. డ్రా తీసిన చేతిని ఎవరి ఖాతాలో రాయాలి?

21 నవంబర్
నిన్న గ్రేటర్ నోయిడాలో ప్రపంచ కప్ ఫైనల్స్, నిఖత్‌కు స్వర్ణం. చైనీస్ తైపే అమ్మాయి గువో యి షువాన్ మీద 5-0. పిల్లగాడు అందరికీ ఉస్మానియా బిస్కెట్లు తెప్పించాడు. సారు ఒకటి కొరికి, “ఎవర్రా ఈ గువో?” అన్నాడు.

23 నవంబర్
పిల్లగాడు ఇప్పుడు బాక్సర్ హుసాముద్దీన్‌ను తెచ్చాడు, నిఖత్ లాగే అతనిదీ నిజామాబాదే. 2023 తాష్కెంట్ ప్రపంచ పోటీల్లో మోకాలి గాయంతో సెమీస్ ఆడకుండానే కాంస్యంతో తిరిగొచ్చాడు. ఆడని బౌట్‌ను ఏ లెక్కలో వేయాలని అడిగాడు. “అది వేరే పంచాయితీ, దానికి ఇంకో చాయ్ గావాలె” అన్నాడు సారు. పైసలు పిల్లగాడే ఇచ్చాడు.