మల్లెల సంగతి

అమ్మాయి ప్రసవమైన పదవ నాటి రాత్రి ఎడమ రొమ్ము రాయిలా గట్టిపడి, ఎర్రబడి, ఒళ్ళు జ్వరంతో కాలిపోసాగింది. బిడ్డ ఏడుపు వినబడితే చాలు, పళ్ళు బిగబట్టుకునేది. నేను అలవాటు చొప్పున వేడినీళ్ళ కాపడం పెట్టి, గట్టిగా పిండబోయాను.

మరునాడు వైద్యురాలు వారించారు. గట్టిగా మర్దించవద్దని 2022లో తల్లిపాల వైద్యుల అంతర్జాతీయ సంస్థ సూచించిందట. పిండితే వాపు పెరుగుతుంది, చల్లని గుడ్డ వేయాలి, పాలు మాత్రం మాన్పరాదు. మందులూ వ్రాశారు. నర్సు బిడ్డ నోరు బాగా తెరిపించి, చనుమొనతోబాటు చుట్టూ ఉన్న నల్లని భాగమూ నోట పట్టించింది. సగం బాధ అక్కడే ఉన్నదట!

1988లో ఈ నొప్పికే తాళలేక, పెద్దల మాట విని, రొమ్ములకు మల్లెపూలు కట్టుకుని పాలు ఇంకించుకున్నదాన్ని నేను. సీసాపాలతో పెరిగిన ఆ బిడ్డే ఈ అమ్మాయి. ఆ మాట ఇన్నాళ్ళూ చెప్పలేదు.

'చేపు' అనే క్రియకు తరగతిలో ఎన్నిసార్లు అర్థం చెప్పానో! నాలుగవ నాడు పాలు చేపి, మనవరాలు గుటకలు వేస్తుండగా, "నొప్పి తగ్గిందమ్మా" అన్నది. అప్పుడు చెప్పాను.

కొంతసేపు ఊరకుండి, "అందుకేనా అమ్మా, నువ్వు మల్లెలు పెట్టుకోవు?" అన్నది.