ఎండ కబురు

అరసవల్లి అనగానే సూర్యనారాయణమూర్తి పాదాలను తాకే కిరణాలే అందరికీ స్ఫురిస్తాయి. ఏటా మార్చిలోనూ అక్టోబరులోనూ ఆ దృశ్యం కోసం జనం బారులు తీరుతారు. ఆ ఊరి పొలాల మీద ఏడాది పొడవునా కాసే ఎండ సంగతి మాత్రం ఎవరికీ పట్టదు. ఈవేళ నేను రాయదలచినది దానిని గురించే.

మా చిన్నాన్నకు అక్కడ చెరువునీరు అందని మెట్టచెక్క ఒకటుంది. నాయనమ్మ కాలం నుంచీ అందులో చోళ్ళే. మీరు రాగులనే వాటిని మా వైపు చోళ్ళంటాం. చుట్టూ ఉన్న చెక్కలు సరుగుడు తోటలైపోతుంటే, తానూ అదే దారి పట్టాలా అన్న మీమాంసలో పడి ఆయన నన్నడిగాడు: "సోడిగింజలో కాల్షియం ఎక్కువుంది గనకే ఎండకాగతాదంటన్నారు. నిజిమేనేటిరా?"

ఆ ప్రశ్నలో రెండు వేరువేరు కాల్షియాలు కలిసిపోయాయి. నూరు గ్రాముల చోళ్ళలో 350 మిల్లీగ్రాములకు పైబడి కాల్షియం ఉన్నమాట నిజమే. తెల్లబియ్యంలో అది పది మిల్లీగ్రాముల లోపే. కానీ అది గింజ కూడబెట్టుకున్న ఆస్తి. ఎండ వేళ మొక్కను కాపాడే కాల్షియం ఆస్తి కాదు, కబురు.

కణద్రవంలో స్వేచ్ఛగా తిరిగే కాల్షియం అత్యల్పం. కణం వెలుపలా, లోపలి రిక్తికలోనూ అంతకు వేల రెట్లు ఉంటుంది. కణద్రవంలో మోతాదు మించితే ఫాస్ఫేటుతో కలిసి గడ్డకట్టి విషమవుతుంది గనుక, మొక్క శక్తిని వెచ్చించి దానిని నిరంతరం తోడిపోస్తూనే ఉంటుంది. వేరుకు తడి తగ్గినా, ఉప్పు తగిలినా, చలి సోకినా తలుపులు తెరుచుకుని కాల్షియం లోనికి ఉరుకుతుంది. సద్దుమణిగిన ఇంట్లోనే కదా పిలుపు స్పష్టంగా వినబడేది! ఆ పిలుపును అందుకునే కాల్‌మోడ్యులిన్లకూ కైనేజులకూ వేరువేరు జన్యువులున్నాయి. వాటి చలవతోనే ఆకు తన రంధ్రాలు మూసుకుని తడిని దాచుకుంటుంది. 2000లో జపాను శాస్త్రజ్ఞులు వరిలో అటువంటి కైనేజు జన్యువు ఒకదాని జోరు పెంచి, చలికీ, ఉప్పుకూ, నీటి ఎద్దడికీ ఓర్పు పెరగడం చూపించారు.

అంటే ఈ ఏర్పాటు వరికీ ఉంది, చోడికీ ఉంది. కబురు అందాక చేయగలిగే పనిలోనే తేడా. తక్కువ నీటితో ఎక్కువ ఆహారం తయారుచేసుకునే సీ4 పద్ధతి చోడికి పుట్టుకతోనే అబ్బింది. వరికి అది లేదు. 2017లో బెంగళూరు వ్యవసాయ విశ్వవిద్యాలయం వారు చోడి జన్యుపటాన్ని వెలువరించినప్పుడు, కరువును తట్టుకునే జన్యువులనూ కాల్షియాన్ని చేరవేసే జన్యువులనూ విడివిడిగానే లెక్కించారు.

"గింజలోది నీ మనవల ఎముకలకి. ఎండకాగేది మొక్క తీరు," అన్నాను.

"ఐతే మరి కొనేవోడేడిరా?" అన్నాడాయన.

దానికి జన్యుశాస్త్రంలో జవాబు లేదు. చివరకు చెక్కలో సగం సరుగుడుకు వదిలి, మిగతా సగంలో విజయనగరం పరిశోధన స్థానం వారి వేగవతి చోళ్ళు చల్లాడు. మీ ఊరి మెట్టల్లో ఇంకా ఎంత మిగిలిందో, చూసి చెప్పగలరా?