అత్తిబెలెలో ఎక్సెల్ మెకానిక్ దగ్గర

అత్తిబెలె దాటితే తమిళనాడే. బోర్డుల మీద కన్నడం, ఆగిన లారీల మీద తమిళం, చాలా ఇళ్లలో తెలుగు. 44వ నంబరు జాతీయ రహదారి ఊరి మధ్యగా పోతుంది. దాని సర్వీస్ రోడ్డు పక్కన రేకుల షెడ్డులో టీవీఎస్ ఎక్సెల్ మోపెడ్లు బాగుచేసే ఒక తెలుగు మెకానిక్ ఉన్నాడంటే చూడ్డానికి వెళ్లాను.

ఈ బండికి పుట్టిల్లు పక్కనున్న హోసూరే. 1980లో అక్కడి నుంచే టీవీఎస్ 50 బయటికొచ్చింది. ఇద్దరు కూర్చుని పోగలిగిన మోపెడ్ మన దేశంలో అదే మొదటిది. పాలక్యాన్లు, పూలమూటలు, కొబ్బరిబోండాలు, గ్యాసు సిలిండర్లు అన్నీ మోస్తుంది కాబట్టి పేదవాడి లారీ అయిపోయింది.

మెకానిక్ ఒక పాలబండి వెనక చక్రం ఊడదీసి డ్రమ్ము నా ముందు పెట్టాడు. బ్రేకు షూ లైనింగు పూర్తిగా అరిగి, లోపల లోహం రాసుకుని గీతలు పడ్డాయి. "బ్రేకు పట్టలేదంటే కేబుల్ బిగించమంటారు సార్. లైనింగే లేనప్పుడు ఎంత బిగించి ఏం లాభం?" అన్నాడు. ఆ బండికి రెండువైపులా క్యాన్లు తగిలిస్తే వెనక లైటు కనపడదు. తెల్లవారుజామున పాలు పోసేవాళ్లకి వెనకొచ్చే లారీతోనే గండం. అందుకే క్యాన్లు తగిలించే ఇనప కడ్డీకి ఎర్ర రిఫ్లెక్టర్ టేపు తనే అంటించి పంపుతాడు. దానికి డబ్బు తీసుకోడు. ఈ టేపు చేసే మేలు ఎన్ని హెచ్చరిక బోర్డులూ చెయ్యలేవని నాకనిపించింది.

మేం మాట్లాడుతుండగా స్కూలు యూనిఫాం పిల్లాడొకడు ఎక్సెల్ 100 మీద వచ్చి ఆపాడు. హెల్మెట్ హ్యాండిల్‌కి వేలాడుతోంది. లైసెన్సు సంగతి అడిగితే, "పదహారు నిండితే ఇస్తారంట కదన్నా, నాకు నిండినాయి" అన్నాడు.

వాడు విన్నది సగం నిజం. 1988 మోటారు వాహనాల చట్టం నాలుగో సెక్షన్ ప్రకారం పదహారేళ్లు నిండినవాళ్లు 50 సీసీకి మించని బండి నడపొచ్చు. లెర్నర్ లైసెన్సుకి పెద్దల రాతపూర్వక అనుమతి ఉండాలి. కానీ ఎక్సెల్ 100 ఇంజిను 99.7 సీసీ. దానికి పద్దెనిమిది నిండాల్సిందే. 50 సీసీ పెట్రోలు బండ్లు షోరూముల్లోంచి ఎప్పుడో పోయాయి, వాటికోసం రాసిన మినహాయింపు మాత్రం మిగిలింది. పిల్లలూ తండ్రులూ దాన్నే పట్టుకుని వేళ్లాడుతున్నారు. 2019 సవరణతో వచ్చిన 199ఏ సెక్షన్ సంగతి వాళ్లకు ఎవరూ చెప్పలేదు. మైనరు బండి నడుపుతూ నేరం చేస్తే తండ్రికో, బండి యజమానికో మూడేళ్ల దాకా జైలు, 25 వేల జరిమానా. బండి రిజిస్ట్రేషన్ ఏడాదిపాటు రద్దు. పిల్లాడికి పాతికేళ్లు వచ్చేదాకా లైసెన్సు రాదు. ఆ మినహాయింపును ఇప్పటి బండ్లకు తగ్గట్టు, వేగాన్నిబట్టి తిరగరాయాలి. లేదా తీసెయ్యాలి.

కేంద్ర రవాణా శాఖ లెక్క ప్రకారం 2022లో రోడ్ల మీద చనిపోయినవాళ్లు 1,68,491 మంది. అందులో నూటికి 44 మందికి పైగా ద్విచక్ర వాహనాలవాళ్లే. హెల్మెట్ లేక పోయినవాళ్లు 50 వేలు, వాళ్లలో వెనక కూర్చున్నవాళ్లు 14 వేల పైచిలుకు. కర్ణాటకలో వెనక కూర్చున్నవాళ్లకీ హెల్మెట్ 2016 నుంచి తప్పనిసరి. అయినా ఆ సాయంత్రం సర్వీస్ రోడ్డు మీద రాంగ్ సైడులో వచ్చిన బండ్ల మీద వెనక హెల్మెట్ దాదాపు లేదు. ముందున్నవాళ్లలో కొందరికి పట్టీ ఊగుతోంది. పట్టీ బిగించకపోతే పడ్డప్పుడు తలకంటే ముందు హెల్మెట్ ఎగిరిపోతుంది.

మెకానిక్ పిల్లాడి చేతిలోంచి తాళం తీసుకుని తండ్రికి ఫోన్ చేశాడు. ఆయన చిరాగ్గానే వచ్చాడు. "రెండు కిలోమీటర్లే కదప్పా" అన్నాడు. మెకానిక్ వాదన పెట్టుకోకుండా పద్ధతి చెప్పాడు: పద్దెనిమిది నిండగానే లెర్నర్, ముప్పై రోజులాగి ఆర్టీవో ఆఫీసులో టెస్టు.

"అంతవరకూ ట్యూషనుకి?" అని తండ్రి అడిగాడు.

"బస్సుంది కదన్నా. లేదంటే నువ్వే దించు" అని తాళం ఆయన చేతికిచ్చాడు.