గార్డ్ రెయిలు వెనక డబ్బా

"రోడ్డు పక్కనే ఉంది, కారు దిగి రెండు నిమిషాల్లో చూసుకుని వెళ్ళిపోవచ్చు" అని ఒక డబ్బా గురించి ఎవరైనా గొప్పగా రాసుకుంటే నాకు ఒళ్ళు మండుతుంది. జియోక్యాషింగ్ ఆడేవాళ్ళకు ఈ మాట బాగా అలవాటే. ఎవరో ఒకరు చిన్న డబ్బాలో సంతకాల చీటీ పెట్టి ఎక్కడో దాస్తారు. ఆ చోటి అక్షాంశ రేఖాంశాలు వెబ్‌సైటులో పెడతారు. మిగతావాళ్ళు ఫోనులో జీపీఎస్ చూసుకుంటూ వెళ్ళి, వెతికి, చీటీ మీద పేరు రాసి, డబ్బాను ఉన్నచోటే పెట్టేసి వస్తారు. అమెరికాలో పుట్టి ప్రపంచమంతా పాకిన ఈ ఆట మీద నాకు ఏ ఫిర్యాదూ లేదు. పెద్ద ఖర్చు లేదు, పిల్లల్ని ఇంట్లోంచి బయటికి లాక్కొస్తుంది. నా కోపమంతా ఆ రెండు నిమిషాల మీద. అది దాచినవాడి లెక్క. డబ్బా ఎక్కడుందో తెలిసినవాడికి రెండు నిమిషాలు చాలు, తెలియనివాడికి పావుగంటైనా పట్టవచ్చు, అరగంటైనా పట్టవచ్చు. రోడ్డు పక్క చోటు క్షేమమా కాదా అన్నది దాచినవాడు అక్కడ నిలబడి అటూ ఇటూ చూసి తేల్చుకునే సంగతి కాదు. వెతికేవాడు ఎంత మేర తిరుగుతాడు, కారు ఎక్కడ ఆపుతాడు, అంతసేపూ ఎటు చూస్తూ ఉంటాడు అని లెక్క వేసుకుని తేల్చాలి. ఆ లెక్క వేస్తే హైవే పక్క చోట్లు చాలావరకు నిలవవని నా వాదన.

ఈ ఆట పుట్టిందే జీపీఎస్ మెరుగుపడటం వల్ల. పౌరులకు అందే సంకేతంలో కావాలని కలుపుతూ వచ్చిన తేడాను అమెరికా ప్రభుత్వం 2000 మే 2న ఆపేసింది. వంద మీటర్ల దాకా తప్పు చూపించిన యంత్రాలు రాత్రికి రాత్రి పదింతలు మెరుగయ్యాయి. మర్నాడే ఆరెగాన్ రాష్ట్రంలో, పోర్ట్‌లండ్‌కు దగ్గరి బీవర్‌క్రీక్ పక్కన, డేవ్ అల్మర్ అనే ఆయన ఒక బకెట్‌ను సగం నేలలో పాతి, అది ఉన్న చోటును ఇంటర్నెట్‌లో ప్రకటించాడు. అలా పుట్టిన ఆట కనుకనేమో, దాచేవాళ్ళకు జీపీఎస్ మీద ఉండాల్సినదానికన్నా ఎక్కువ నమ్మకం. ఆకాశానికి ఏ అడ్డూ లేని చోట మామూలు స్మార్ట్‌ఫోను చూపేది 4.9 మీటర్ల తేడాతో ఉంటుందని అమెరికా ప్రభుత్వపు జీపీఎస్ సైటే చెబుతోంది. చెట్లూ కొండలూ అడ్డం వస్తే ఆ తేడా ఇంకా పెరుగుతుంది. దాచినవాడి ఫోను అయిదు మీటర్లు, వెతికేవాడి ఫోను అయిదు మీటర్లు తప్పితే, ఆ రెండు తప్పులూ ఎదురెదురు దిక్కులకు పోయిన రోజున పది మీటర్లు. ఇక రోడ్డు కొలత చూడండి. అమెరికా హైవే మీద ఒక లేను వెడల్పు పన్నెండు అడుగులు, అంటే సుమారు 3.6 మీటర్లు. తారు అంచుకు నాలుగు మీటర్ల అవతల డబ్బా పెట్టి, దూరంగానే పెట్టానని తృప్తిపడే మనిషి నిజానికి రెండు లేన్ల రోడ్డును దాదాపుగా కమ్మేసే వలయంలోకి జనాన్ని పంపుతున్నాడు. తారు మీద ఎవరూ వెతకరు, ఒప్పుకుంటాను. కానీ ఇవతల దొరకకపోతే అవతలి సైన్‌బోర్డు స్తంభం దగ్గర చూద్దామని దాటుతారు, అక్కడా లేకపోతే మళ్ళీ ఇటు వస్తారు. అలా తిరిగినంతసేపూ చూపు ఫోను మీదో నేల మీదో ఉంటుంది, వీపు రోడ్డుకు ఉంటుంది. దాచిన మనిషి మాత్రం అదే చోటును రోడ్డును గమనిస్తూ చూశాడు. ఇద్దరూ చూసింది ఒకే చోటు కాదు.

కారు ఆపే జాగా మరో లెక్క. దారిలో అడ్డు కనబడ్డాక డ్రైవరు దాన్ని గుర్తించి బ్రేకు మీద కాలు వేయడానికి రెండున్నర సెకన్లు పడుతుందని అమెరికా రోడ్డు ఇంజినీర్లు లెక్కలోకి తీసుకుంటారు. గంటకు 60 మైళ్ళ వేగంతో వస్తున్న కారు ఆ లోపే 67 మీటర్లు దూసుకొస్తుంది. పూర్తిగా ఆగేసరికి 570 అడుగులు, అంటే 174 మీటర్లు. ఆపిన కారు దగ్గర నిలబడి రెండు వైపులా అంత మేర రోడ్డు కనిపించకపోతే, వంపో మిట్టో అడ్డం వస్తే, అది కారు ఆపదగిన చోటు కాదు. ఈ ఆటలో ఒక డబ్బాకూ ఇంకో డబ్బాకూ మధ్య కనీసం 161 మీటర్లు ఉండాలని నియమం. దాన్నే ఆసరా చేసుకుని, కొందరు మైళ్ళ పొడవునా సరిగ్గా 161 మీటర్లకొకటి చొప్పున రోడ్డు వెంబడే దాచుకుంటూ పోతారు. దీన్ని పవర్ ట్రెయిల్ అంటారు. వెనక వచ్చే కారు ఆగడానికి కావలసినంత దూరం కూడా లేని ఎడంలో ఒక కారు పదేపదే ఆగుతూ, తలుపులు తెరుచుకుంటూ, మళ్ళీ తారు మీదికి వస్తూ ఉంటుంది. నెవాడాలో గ్రహాంతరవాసుల హైవే అని పేరు పెట్టుకున్న 375వ నంబరు రాష్ట్ర రహదారి వెంట అలా వెయ్యికి పైగా డబ్బాలు వెలిశాయి. 2011లో ఆ రాష్ట్ర రవాణా శాఖ క్షేమం కాదని చెప్పి వాటిని తీయించింది. ఎడారిలో ట్రాఫిక్కే ఉండదు కదా అని అప్పట్లో నొచ్చుకున్నవాళ్ళ వాదన నాకు రుచించదు. ఖాళీ రోడ్డు మీద డ్రైవరు వేగం పెంచుతాడు, అక్కడ మనిషి ఎదురుపడతాడని కలలో కూడా అనుకోడు.

ఇక గార్డ్ రెయిలు సంగతి. వంపుల దగ్గర, గట్ల మీద రోడ్డు అంచునే నిలబెట్టే ఆ ఇనుప కమ్మీ అంటే దాచేవాళ్ళకు మహా ఇష్టం. తాళంచెవులు దాచుకునే అయస్కాంతపు డబ్బీ దానికి ఇట్టే అతుక్కుంటుంది. కమ్మీ మడతల్లో, స్తంభాల వెనక దాపు బోలెడంత. గొయ్యి తవ్వనక్కర్లేదు, చెట్టు వెతకనక్కర్లేదు. పైగా గట్టి ఇనుము అడ్డం ఉంది కనుక క్షేమం అన్న భావం కూడా కలుగుతుంది. ఈ చివరిదాన్ని నేను అసలు సహించలేను. ఇంజినీరు ఆ కమ్మీని ఊరికే వేయడు. అది కూడా గుద్దుకుంటే దెబ్బ తగిలే అడ్డమే. దాన్ని గుద్దుకోవడం కంటే దాన్ని దాటి పోవడం ఎక్కువ ప్రమాదమని తేలిన చోటే వేస్తాడు. పక్కన నీళ్ళుంటేనో, లోయ ఉంటేనో, నిట్టనిలువు గట్టు ఉంటేనో వేస్తాడు. అంటే ఇక్కడ కార్లు రోడ్డు తప్పితే ప్రాణాల మీదికి వస్తుందని ముందే లెక్క వేసి, ఖర్చుకు ఓర్చి పాతిన హెచ్చరిక అది. ఆ హెచ్చరిక వెనకే మనిషిని వంగోబెడుతున్నాం.

ఆ కమ్మీ గోడలాగా కదలకుండా నిలబడేది కూడా కాదు. కారు గుద్దితే వంగి, స్తంభాలతో సహా వెనక్కి జరిగి, ఆ వేగాన్ని మింగడమే దాని పని. మామూలు ఉక్కు రెయిలు దాదాపు ఒక మీటరు వెనక్కి వస్తుందని పరీక్షల్లో తేలింది. డబ్బా కోసం కమ్మీ వెనక తడిమే మనిషి మొహం సరిగ్గా ఆ మీటరులోనే ఉంటుంది. ముందు వైపు నిలబడితే తారు అంచున ఉండే షోల్డరు మీద, కార్లకు ఎదురుగా. వెనక వైపు దిగితే ఏటవాలు గట్టు మీద, కాలు జారితే కిందికి. రెయిలు చివరి ముక్క దగ్గర, పసుపూ నలుపూ చారల పలక ఉండే చోట పెట్టినవైతే మరీ అన్యాయం. ఆ ముక్కను కారు ఎదురుగా వచ్చి గుద్దుకుంటుందని ఊహించే తయారుచేస్తారు. వేగంగా పోయే హైవేల మీద అదుపు తప్పి తారు దిగిన వాహనాల్లో దాదాపు 80 శాతం 30 అడుగుల లోపల తేరుకుంటాయని అమెరికా రోడ్డు డిజైన్ పుస్తకాలు చెబుతాయి. అందుకే వీలున్న చోటల్లా ఆ మేరలో చెట్టూ స్తంభమూ లేకుండా చూస్తారు. మిగతా అయిదో వంతు ఇంకా దూరం పోతాయన్నది ఆ లెక్కలోనే ఉంది. ఇంజినీరు స్తంభాన్ని కూడా నిలబెట్టడానికి వెనుకాడే మేరలో ఒక తండ్రిని, పక్కన ఇద్దరు పిల్లల్ని మోకాళ్ళ మీద కూర్చోబెట్టడం ఏ రకంగా సబబు?

పిల్లల మాట వచ్చింది కనుక మనవాళ్ళ సంగతీ చెప్పాలి. డాలస్‌లోనో న్యూజెర్సీలోనో ఉన్న కొడుకు దగ్గరికి విజిటర్ వీసా మీద వెళ్ళిన తాతయ్య, నాయనమ్మ మనవలతో పాటు ఇలాంటి ఆటలకు బయల్దేరడం వింతేమీ కాదు. మన దేశంలో వాహనాలు ఎడమ పక్కన నడుస్తాయి, రోడ్డు దాటేటప్పుడు ముందు కుడివైపు చూడటం మనకు చిన్నప్పటి నుంచీ ఒంటబట్టిన అలవాటు. అమెరికాలో మొదటి కారు వచ్చేది ఎడమవైపు నుంచి. సిగ్నలూ జీబ్రా గీతలూ ఉన్న ఊళ్ళో ఆ అలవాటు అంత ప్రమాదం తేదు. హైవే అంచున, మనవడు "తాతయ్యా, అటు చూడు" అని అవతలి స్తంభం చూపించినప్పుడు తెస్తుంది. దెబ్బ తగిలే వేగం గంటకు 42 మైళ్ళయితే పాదచారుల్లో సగం మంది, 58 మైళ్ళయితే పది మందిలో తొమ్మిది మంది బతకరని అమెరికాలో రోడ్డు భద్రత మీద పరిశోధించే ట్రిపుల్ ఏ ఫౌండేషన్ 2011లో లెక్క కట్టింది.

పెద్దవాళ్ళు తమ బాగోగులు తామే చూసుకోవాలి, నచ్చకపోతే కారు దిగకుండా వెళ్ళిపోవచ్చు, 'ప్రమాదకరమైన చోటు' అని వివరాల్లో రాసే వీలు కూడా ఉంది కదా అని ఒక వాదన ఉంది. తేలిగ్గా తీసేయదగింది కాదు. కానీ పాతిక మైళ్ళు కారు నడుపుకుంటూ వచ్చిన మనిషి, వెనక సీట్లో పిల్లలు తొందరపెడుతుండగా, చోటు బాగాలేదని వెనుదిరగడం ఎంత కష్టమో ఆలోచించాలి. దాచేవాడు ఇంట్లో కూర్చుని తీరిగ్గా తీసుకోగల నిర్ణయాన్ని వెతికేవాడి మీదికి, అదీ ట్రక్కులు పోతున్న రోడ్డు అంచున, తోసేయడం న్యాయం కాదు. పైగా ఆ ప్రమాదంలో వెతికేవాడొక్కడే లేడు. ఉన్నట్టుండి మనిషి అడ్డం వస్తే స్టీరింగు తిప్పేసే డ్రైవరు ఈ ఆటకు ఒప్పుకోలేదు, ఆ కారులో ఉన్నవాళ్ళూ ఒప్పుకోలేదు.

వెబ్‌సైటువాళ్ళు పరిశీలించాకే ఒప్పుకుంటారు కదా అనేవాళ్ళూ ఉన్నారు. ఆ పరిశీలకులు వాలంటీర్లు. పటం మీద దూరాలు చూస్తారు, రైలు పట్టాలకు దగ్గరగా ఉందా, పాతిపెట్టారా, బడి పక్కన ఉందా అని చూస్తారు. షోల్డరు ఎంత వెడల్పు ఉందో, వంపు అవతల ఏముందో వాళ్ళకు ఇంట్లోంచి కనబడదు. ఇన్నేళ్ళూ ఎవరికీ ఏమీ కాలేదన్న మాటకూ పెద్ద విలువ లేదు. నెలకు నలుగురు వచ్చే చోట ఏమీ కాకపోవడం ఆ చోటు మంచితనానికి రుజువు కాదు, అక్కడ మనుషులు నిలబడిన సమయం మొత్తం కలిపినా నెలకు ఒక పూట కూడా కాదు.

నాకు అన్నిటికన్నా బరువైనదిగా తోచిన అభ్యంతరం వేరే. రోడ్డు పక్క డబ్బాలన్నీ తీసేస్తే కొండలెక్కలేని ముసలివాళ్ళకు, చక్రాల కుర్చీలో ఉన్నవాళ్ళకు, చంటిపిల్లల తల్లులకు ఇక ఈ ఆటలో ఏం మిగులుతుందని అడుగుతారు. అయితే చక్రాల కుర్చీతో చేరగలిగితేనే ఒక చోటికి నేల ఎంత కష్టమో చూపే అంకెల్లో అన్నిటికన్నా తక్కువది ఇవ్వాలని ఈ ఆట నియమమే చెబుతుంది. కంకర షోల్డరు మీద, ఇనుప కమ్మీ వెనక ఉన్న డబ్బా ఆ అంకెకు తగదు. వాళ్ళ పేరు చెప్పి గార్డ్ రెయిలును వెనకేసుకురావడం వాళ్ళకే అన్యాయం. రోడ్డు మీంచి తేలిగ్గా చేరగలిగి, కారు పూర్తిగా పక్కకు తీయగలిగిన చోట్లకు అమెరికాలో కొదవ లేదు. రెస్ట్ ఏరియాలు, ఊరి లైబ్రరీలు, పార్కులు ఉన్నాయి. చరిత్ర ఫలకాల దగ్గర వేసిన పక్కదారులు ఉన్నాయి. టెక్సస్ ఒక్క రాష్ట్రంలోనే చరిత్ర ఫలకాలు పదహారు వేలకు పైగా ఉన్నాయి. హైవే వెంట ఒక మైలు ముందు నుంచే వాటికి బోర్డు పెడతారు. కోర్టు భవనం ముందో, పాత శ్మశానం వాకిట్లోనో, మూతబడ్డ రైల్వే స్టేషను పక్కనో ఆగి, ఆ ఫలకం మీది నాలుగు వాక్యాలూ పిల్లల చేత చదివించి, అందులోని ఏడాది అంకెల్ని కలిపి డబ్బా చోటు కనుక్కునేలా అమర్చినవి చూస్తే దాచినవాడి మీద గౌరవం పుడుతుంది. అలాంటి చోట అనుమతి అడగాలంటే ఎవరిని అడగాలో కూడా తెలుస్తుంది.

అనుమతి చిన్న సంగతేమీ కాదు. ఇంగ్లండులోని వెదర్బీ అనే ఊళ్ళో 2011లో ఒక కెఫే బయట దాచిన ఇలాంటి డబ్బాను బాంబు అనుకుని సైన్యం వచ్చి పేల్చేసింది. రోడ్డు పక్క వంగి తడుముతున్న మనిషిని చూసి దారినపోయేవాళ్ళు ఏమనుకుంటారన్నది కూడా చోటు క్షేమంలో భాగమే.

ప్రమాదమే లేకపోతే బయటికెళ్ళడం దేనికి అనేవాళ్ళకు డార్ట్‌మూర్ సంగతి చెప్పాలి. ఈ ఆటకు తాతలాంటి లెటర్‌బాక్సింగ్ ఇంగ్లండులోని ఆ బీటి కొండల మీద 1854లో మొదలైంది. జేమ్స్ పెరట్ అనే దారి చూపేవాడు క్రాన్‌మియర్ పూల్ దగ్గర ఒక సీసా పెట్టి, అక్కడిదాకా రాగలిగినవాళ్ళు తమ విజిటింగ్ కార్డులు అందులో వేసేలా చేశాడు. అక్కడికి చేరాలంటే బురదనేలలో మైళ్ళ తరబడి నడవాలి, పొగమంచు కమ్మితే దారి తప్పుతారు. కానీ అది నడిచేవాడి కళ్ళ ముందున్న ప్రమాదం. అడుగు దిగబడితే ఆ మనిషి ఆగుతాడు, మంచు కమ్ముకుంటే వెనక్కి తిరుగుతాడు, తన ఓపికను తనే అంచనా వేసుకుంటాడు. అల్మర్ బకెట్‌ను సగం పాతిపెట్టాడు. ఆ తర్వాత పాతిపెట్టడం మంచిది కాదని ఈ ఆటవాళ్ళే తెలుసుకుని నిషేధించుకున్నారు, ఆట చప్పబడలేదు. గార్డ్ రెయిళ్ళనూ అలాగే వదిలేయవచ్చు. అంతవరకు దాచేవాళ్ళు చేయగలిగిన పని ఒకటుంది. డబ్బా పెట్టాక, అదెక్కడుందో తెలియని స్నేహితుణ్ణి ఒకసారి ఆ చోటికి పంపి, తాము దూరంగా నిలబడి, అతను దాన్ని కనుక్కునేదాకా ఎన్నిసార్లు రోడ్డు దాటాడో, ఎంతసేపు వీపు తిప్పి ఉన్నాడో చూడాలి.